అమావాస్య వస్తే చచ్చే ట్యాంకు

నన్ను ఫ్యాక్టరీలో అందరూ డాక్టర్ అని పిలిచేవాళ్లు. నాకు ఎంబీబీఎస్సూ లేదు, డాక్టరేటూ లేదు. బీఎస్సీ కెమిస్ట్రీ, అదీ రెండోసారికి పాసైనాను. ఆ పేరు నాకు ఎట్ల వచ్చింది, ఎట్ల పోయింది అనేది చెప్పాలని కూర్చున్నాను. ఇంజనీరింగ్ చదువుతూ ఆరు నెలలకని ఏదో ఒక కంపెనీకి పోయే పిల్లలు ఇది చదివితే మంచిది. ఆ పిల్లలకు పని చూపించే నాలాంటి ముసలోళ్లు చదివితే ఇంకా మంచిది. కానీ వాళ్లు చదవరు. మాకు అన్నీ తెలుసు కదా!

మాది కడప జిల్లాలో ఒక పల్లె. ఉద్యోగం మాత్రం కర్నూలు పక్క, ఓర్వకల్లు దాటినాక గుట్టల నడుమ ఉండే ఒక నూనె ఫ్యాక్టరీలో. పత్తిగింజల నూనె, పొద్దుతిరుగుడు నూనె శుద్ధి చేసేవాళ్లం. అట్ల శుద్ధి చేసినప్పుడు సబ్బూ జిడ్డూ ఆమ్లమూ కలిసిన మురికినీళ్లు వస్తాయి. వాటిని బాగుచేసే చోటును ఈటీపీ అంటారు. అది నా రాజ్యం. ఫ్యాక్టరీలో అందరికన్నా వెనకమూల, ప్రహరీ గోడకు ఆనుకుని ఉండేది. ఆ దిక్కుకు పనిలేకుండా ఎవరూ వచ్చేవాళ్లు కాదు. కంపు కదా.

మా ఈటీపీలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఏరేషన్ ట్యాంకు. పెద్ద సిమెంటు తొట్టి అనుకోండి. అందులో కంటికి కనపడని క్రిములు ఉంటాయి. మేము వాటిని పురుగులు అనేవాళ్లం. అడుగు నుంచి గాలి ఊదుతా ఉంటే అవి మురికిని తిని బతుకుతాయి. పురుగులు బాగుంటే ట్యాంకు రాగిసంగటి రంగులో ఉంటుంది, తొలకరికి తడిసిన మట్టి వాసన వస్తుంది. అవి చచ్చినాయంటే నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లబారిపోయి, కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడతాయి. బాగైన నీళ్లను ఫ్యాక్టరీ చుట్టూ నాటిన బనగానపల్లె మామిడి చెట్లకు వదిలేవాళ్లం. ఆ బండనేలలో వేసవికి బోర్లు ఎంతలోతుకు పోతాయో ఆ పక్కవాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. మా నీళ్లు ఆగితే చెట్లకు ఇంకో దిక్కు లేదు.

మా ట్యాంకుకు ఒక జబ్బు ఉండేది. ప్రతి అమావాస్యకూ చచ్చేది. అమావాస్య దాటి పాడ్యమికి రంగు తగ్గేది, విదియకు కంపు మొదలయ్యేది. నాకంటే ముందు ఆ కుర్చీలో ఉన్నాయన నాకు పని అప్పజెప్పేటప్పుడే చెప్పినాడు, "ఈ పురుగులకు అమావాస్య అప్పుడప్పుడూ పడదప్పా, పేడ, బెల్లం పెట్టుకో" అని. ఆయన కాలంలో అప్పుడప్పుడే. నా కాలంలో నెలనెలా. నా అమావాస్యలు ఆయన అమావాస్యల కంటే గట్టివి అనుకున్నానే గానీ ఇంకో ఆలోచన రాలేదు.

నా వైద్యం గురించి చెప్తాను. మా ఫిట్టర్ భాయి విదియ పొద్దున్నే పక్కపల్లెకు పోయి మోపెడ్ మీద డ్రమ్ముడు పేడ కట్టుకొచ్చేవాడు. ఆ పేడను నీళ్లలో పిసికి, బెల్లం కరగబెట్టి, రెండూ కలిపి ట్యాంకులో పోసేవాళ్లం. పేడలో కొత్త పురుగులు, బెల్లం వాటికి తిండి. ఐదారు రోజులకు ట్యాంకు మళ్లీ లేచి కూర్చునేది. "ఏం డాక్టరప్పా, పేషెంటు ఎట్లుండాడు?" అని అడిగేవాడు భాయి. అట్ల మొదలైన పేరు మేనేజరు దాకా పోయింది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్లు కూడా బెల్లం ఎంత, పేడ ఎంత అని నన్ను అడిగి రాసుకుని పోయేవాళ్లు. నేను కాలు మీద కాలేసుకుని చెప్పేవాణ్ని. పదకొండేళ్లు అదే సాగింది.

ఆ పన్నెండో ఏడు ఒక అమ్మాయి వచ్చింది. కెమికల్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ ఆఖరు సంవత్సరం. పత్తికొండ దిక్కు పల్లె, టమోటా వేసుకునే ఇల్లు. ఆ ఇంట్లో పదో తరగతి దాటింది ఆ పిల్ల ఒక్కతే. మొదట ఆమెను పెట్టుకున్న కంపెనీ నెల తిరగకుండానే మూతపడింది. తిరిగి తిరిగి మా దగ్గరికి వచ్చేసరికి సగం కాలం అయిపోయింది. ఇక్కడ ప్రాజెక్టు పూర్తిచేసి కాలేజీవాళ్లు ఒప్పుకుంటే పాసు, లేకపోతే ఒక యేడాది పోయినట్టే. స్కాలర్‌షిప్పు కూడా ఆగిపోతుంది. అంటే చదువు అంతటితో సరి. ఈ సంగతి మేనేజరు నాకు ఒక్క ముక్కలో చెప్పి, ఎవరూ వద్దన్న పిల్లను నాకు అంటగట్టినాడు.

మొదటిరోజే బెదిరించినాను. "ఈడ కంపు శానా ఉంటాది పాపా. ముక్కు మూసుకుంటే పని కాదు."

"మా ఇంట్లో నాలుగు ఎనుములుండాయి సార్, పేడ తీసేది నేనే" అనింది.

బాగుందే అనుకున్నాను. కర్నూలు హాస్టల్ నుంచి పొద్దున బస్సుకు వచ్చి, రోడ్డు మీద దిగి, ఎండలో ఫ్యాక్టరీ దాకా నడిచి వచ్చేది. ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బా, ఆమె హాస్టల్ డబ్బా కలిపి తినేవాళ్లం. హాస్టల్ కూర నేను తినలేకపోయేవాణ్ని, ఆమె మాత్రం మా ఇంటి చెనిక్కాయల పొడి డబ్బా అడుగు దాకా గీకేది.

వచ్చిన పది రోజులకే అమావాస్య వచ్చింది, ట్యాంకు చచ్చింది. నేను పేడ, బెల్లం ఆర్డరు వేసి, ఆమె ముందర నా వైద్యమంతా చూపించినాను. ఐదోరోజుకు రంగు తిరిగింది. ఎట్లుంది అన్నట్టు చూసినాను.

"బాగైంది సార్. కానీ ఎందుకు చచ్చినాయి?"

"అమావాస్య పాపా."

"అమావాస్యకు ఏమవుతాది సార్?"

"సముద్రానికే పోటొస్తాది. పురుగులెంత!"

ఆమె నోటుపుస్తకంలో 'అమావాస్య' అని రాసుకుని పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టింది. అది చూసి నాకు నవ్వొచ్చింది. మరునాడు పాత లాగ్‌బుక్కులు కావాలని అడిగింది. పదకొండేళ్ల పుస్తకాలు. బీరువా వెనక అట్టపెట్టెలో ఎలుకలు కొరికినవి పోను మిగిలినవన్నీ ఇచ్చినాను. నా ప్రాజెక్టు ఇదే సార్, ట్యాంకు ఎందుకు చస్తాందో కనుక్కోవడం, అని చెప్పి కాలేజీ నుంచి కూడా సరే అనిపించుకుంది. నాకేం? పనిలేని పని అనుకున్నాను. ఒక గోడ క్యాలెండరు, పాత పంచాంగాలు పక్కన పెట్టుకుని రోజూ మధ్యాహ్నం ఆ పుస్తకాల్లో మునిగేది.

ఇక్కడ మా అమావాస్య పూజ గురించి చెప్పాలి. రాయలసీమలో ఫ్యాక్టరీ ఏదైనా, కొట్టు ఏదైనా అమావాస్యకు పూజ లేకుండా జరగదు. మా దగ్గర కూడా ప్రతి మోటారుకూ బొట్టు, పూలు, చక్రాల కింద నిమ్మకాయలు, గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ. మేనేజరు హారతి పళ్లెం వెనకాల ప్రతి డిపార్టుమెంటుకూ తిరిగేవాడు. మా వెనకమూలకు పెద్దవాళ్లు వచ్చేది నెలకు ఆ ఒక్క పూటే. అందుకని ముందురోజు నేను ఈటీపీని అద్దం మాదిరి కడిగించేవాణ్ని. జిడ్డూ పాచీ పట్టిన గచ్చు, ట్యాంకు అంచులు, పైన నడిచే దారి, అన్నీ. ఉత్త నీళ్లకు ఆ పాచి కదలదు. బ్లీచింగ్ పౌడర్ చల్లి, చీపుర్లతో రుద్ది, పైపుతో కొట్టించేవాణ్ని. బ్లీచింగ్ బస్తాలు నా స్టోరులోనే ఉండేవి, తాళం నా మొలతాడుకే ఉండేది. తెల్లగా మెరిసే గచ్చు చూసి మేనేజరు ప్రతిసారీ "మన డాక్టర్ ఆసుపత్రి చూడండప్పా" అనేవాడు. ఆ మాట కోసం ఎన్ని బస్తాలైనా చల్లేవాణ్ని.

రెండో అమావాస్యకు నాలుగు రోజుల ముందు ఆమె ఒక లాగ్‌బుక్కు పట్టుకుని నా ముందర నిలబడింది.

"సార్, అన్ని నెలలూ అమావాస్య అయినాక పేడ, బెల్లం ఎంట్రీ ఉండాది. ఈ ఒక్క నెల లేదు. ట్యాంకు బాగుండాది అని రాసుండారు. ఆ నెల ఏమైంది?"

తేదీ చూసి గుర్తుపట్టినాను. "ఆ నెల మా పెదనాయన పోయినాడు పాపా. మైల. పదకొండు రోజులు ఊర్లోనే ఉండినాను. ఈడ పూజ చేయలేదు."

ఆమె ఆ తేదీ కింద పెన్సిలుతో గీత గీసింది. తర్వాత మెల్లగా అనింది, "పూజ లేని నెల ట్యాంకు బతికింది సార్."

నాకు కోపం నెత్తికెక్కింది. "ఏం మాట్లాడతాండావు? నా పూజకు పురుగులు చస్తాండాయా? దేవుడు చంపుతాండాడా?"

"పూజ కాదు సార్. పూజకు ముందురోజు మనం ఏం చేస్తాండామో అది."

"ఏం చేస్తాం? కడుగుతాం! శుభ్రంగా పెట్టుకోవడం తప్పా?"

"దేనితో కడుగుతాం సార్?"

"పో, పోయి నీ పని చూసుకో" అన్నాను. అప్పటికి అదే నా జవాబు.

నిజం చెప్తాను. ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. రెండోసారికి పాసైనా బీఎస్సీ కెమిస్ట్రీ కదా! క్రిములను చంపడానికే బ్లీచింగ్ చల్లుతారని చిన్నపిల్లలకు కూడా తెలుసు. గచ్చు కడిగిన నీళ్లు యాడికి పోతాయో కూడా నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన మొదటి యేడాదే తనిఖీకి వచ్చినవాళ్లు ఒక్క చుక్క మురికినీళ్లు కూడా బయటికి పోకూడదు అని చెప్పిపోతే, మేస్త్రీని పిలిపించి గచ్చంతా ట్యాంకులోకే వాలు పెట్టించింది నేనే. ఆ వాలు దగ్గరుండి చేయించినందుకు మేనేజరు నా భుజం కూడా తట్టినాడు. ఆ యేడాది నుంచే పురుగులు నెలనెలా చావడం మొదలుపెట్టినాయి. కానీ అదంతా ఒక పిల్ల నోటి నుంచి వినాల్సి రావడం, అదీ నన్ను డాక్టర్ అనే చోట... ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఎన్ని నీళ్లు పోతాయిలే, నాలుగు బకెట్లు, ట్యాంకు ఎంత పెద్దది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సర్దిచెప్పుకుని ఊరుకున్నా బాగుండు. ముందురోజు కడిగేటప్పుడు మొండికి పడి, ఎప్పుడూ వేసేదానికన్నా ఇంకో అరబస్తా ఎక్కువే చల్లించినాను.

"ఎందుకప్పా ఇంత?" అన్నాడు భాయి. "కండ్లు మండుతాండాయి."

"నువ్వు గమ్మునుండు భాయ్."

ఆ పిల్ల కింద నిలబడి, వాలు నుంచి నీళ్లు ట్యాంకులోకి దూకే చోట ఒక్కొక్కటిగా చిన్న సీసాలు పట్టుకుంటా ఉంది. తాగేనీళ్లలో క్లోరిన్ చూసే డబ్బా ఒకటి ఉంటుంది, నాలుగు చుక్కలేస్తే నీళ్లు పసుపుపచ్చ అవుతాయి. ఎంత ఎక్కువుంటే అంత ముదురు. ఆమె సీసాల్లో నీళ్లు పసుపు దాటి కుంకుమపువ్వు రంగుకు పోయినాయి. నేను చూసినాను. చూడనట్టు పక్కకు తిరిగినాను. ఆమె కూడా నాకు చూపించలేదు, సంచిలో పెట్టుకుంది.

విదియ నాడు ట్యాంకు ఎప్పుడూ చావనంత ఘోరంగా చచ్చింది. ఆ కంపుకు క్యాంటీన్‌లో అన్నం తినలేక జనం నన్ను తిట్టినారు. ఐదారు రోజులకు లేచేది తొమ్మిది రోజులైనా లేవలేదు. భాయి మూడుసార్లు పేడ మోసినాక గానీ రంగు తిరగలేదు. మామిడి చెట్లకు నీళ్లు లేక లేత ఆకు వాలిపోయింది. నేను ఆ పిల్లతో రెండు రోజులు మాట్లాడలేదు. నా డబ్బా నేను తిన్నాను. ఆమె ఆ పక్క బెంచీ మీద కూర్చుని ఆమె డబ్బా ఆమె తినింది. మాట్లాడితే ఒప్పుకోవాల్సి వస్తుందని నాకు భయం. మూడోరోజు ఏదో ముక్తసరిగా మాట కలిపినాను గానీ బ్లీచింగ్ ఊసు నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు.

ఇంకో వారానికి ఆమె కాలేజీ ప్రొఫెసరు వచ్చినాడు, పని ఎంతవరకు వచ్చిందో చూసేదానికి. మేనేజరు గదిలో కూర్చున్నాం, ప్రొఫెసరు, మేనేజరు, నేను. ఆ పిల్ల గోడ మీద ఒక్కొక్క బొమ్మ చూపిస్తా చెప్పింది. పదకొండేళ్ల లెక్క, ఏ తిథికి రంగు తగ్గింది, ఏ తిథికి చచ్చింది, ఎన్ని రోజులకు లేచింది. ఎంత బాగా చెప్పిందంటే, ఆ ట్యాంకు పక్కన అన్నేళ్లు కూర్చున్న నేనే నోరు తెరుచుకుని విన్నాను. మైల నెల కూడా చూపించింది. 'ఆ నెల పూజ జరగలేదు' అని మాత్రం అనింది. ఆఖరి బొమ్మ మీద ఒకటే లైను. కారణం ఇంకా తెలియలేదు.

సీసాల సంగతి ఒక్క ముక్క లేదు.

ప్రొఫెసరు కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టినాడు. "ఇది డైరీ అమ్మా, ప్రాజెక్టు కాదు. ఎప్పుడు చచ్చిందో చెప్పినావు. ఎందుకు చచ్చిందో చెప్పకపోతే నేను దీని మీద ఏమని సంతకం పెట్టాల? పోయినసారి కంపెనీ మూతపడింది, అది నీ తప్పు కాదు. ఈసారి నేను చేయగలిగింది లేదు."

ఆమె తల వంచుకుంది. నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. సీసాలున్న సంచి ఆమె కుర్చీ పక్కనే ఉంది. దాన్ని కాలితో మెల్లగా కుర్చీ కిందికి నెట్టుకుంది. అప్పుడు అర్థమైంది నాకు, ఆ పిల్ల నన్ను కాపాడుతోందని. నా మీద కోపం లేదు, భయమూ లేదు. నా పేరు పోకూడదని తన యేడాది వదులుకుంటా ఉంది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నా పేరు ఎంత? దాని వెనక ఉన్నది డ్రమ్ముడు పేడ!

మేనేజరు అప్పటికే లేస్తా ఉన్నాడు. నేనూ లేచినాను.

"సార్, కారణం తెలుసు" అన్నాను. "నేనే."

మేనేజరు నవ్వినాడు. "ఏం డాక్టర్, తమాషానా?"

"తమాషా కాదు సార్. పూజకని నేను గచ్చు కడిగిస్తాను కదా, ఆ బ్లీచింగ్ నీళ్లన్నీ ట్యాంకులోకే పోతాండాయి. వాలు పెట్టించింది నేనే. చల్లించింది నేనే. పదకొండేళ్లుగా నెలకొకసారి చంపిందీ నేనే, మళ్లీ పేడ పెట్టి లేపి మీ దగ్గర పేరు తీసుకున్నదీ నేనే. ఈ పాప కనిపెట్టి నాకు చెప్తే, తిట్టి పంపినాను. ఆ సంచిలో సీసాలు ఉండాయి, చూడండి."

మేనేజరు మొహం చూడలేకపోయినాను. ఆయన నన్ను హెడ్డాఫీసులో కూడా పొగిడిన మనిషి. "పదకొండేళ్లా?" అన్నాడు, అంతే. ప్రొఫెసరు ఆ పిల్ల వైపు తిరిగి, "నీకు తెలుసా?" అన్నాడు. ఆమె సంచిలోంచి సీసాలు తీసి వరసగా బల్ల మీద పెట్టింది.

"తెలిసి ఎందుకు దాచినావమ్మా?"

"సార్ పెద్దోళ్లు సార్. శానా ఏండ్ల సర్వీసు. పేరు పోతాదని..."

ప్రొఫెసరు ఇద్దరినీ కలిపి కడిగేసినాడు. ఆమెను దాచినందుకు, నన్ను... నన్ను ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. తర్వాత చల్లబడి అన్నాడు, "నోటిమాట చాలదు. రంగు చుక్కలు కూడా చాలవు. వచ్చే అమావాస్యకు ఒక్క గరిటె బ్లీచింగ్ కూడా వాడొద్దు. మిగతావన్నీ ఎప్పటిలాగే చేయండి. ట్యాంకు బతికితే సంతకం పెడతా. చస్తే నన్ను అడగొద్దు." ఆ అమావాస్య దాటిన వారానికి కాలేజీలో రిపోర్టు ఇచ్చే ఆఖరు తేదీ.

బయటికి రాగానే ఆ పిల్ల మీద విరుచుకుపడినాను. "నా పేరు కోసం నీ చదువు పోగొట్టుకుంటావా? బుద్ధుందా నీకు?"

ఆమె ఏడ్చేసింది. ఏడుస్తానే, "మీరు రెండు దినాలు మాట్లాడలేదు కదా సార్, నాకు అన్నం పోలేదు" అనింది. ఇంక నేనేం తిట్టేది? నా డబ్బా ఆమె చేతిలో పెట్టి, పోయి తినమన్నాను.

మూడో అమావాస్యకు వారం ముందే పని మొదలుపెట్టినాం. హైదరాబాదు నుంచి ఓనరు కూడా పూజకు వస్తున్నాడని తెలిసింది. మేనేజరు నన్ను పిలిచి, "ఈటీపీ నల్లగా కనపడితే నాకు మాట వస్తాది. కొంచెమైనా చల్లకూడదా?" అన్నాడు. "కొంచెం కూడా వద్దు సార్" అన్నాను. పదకొండేళ్లలో ఆయన మాటకు నేను కాదన్నది అదే మొదలు. బ్లీచింగ్ స్టోరు తాళం తీసి భాయి చేతిలో పెట్టినాను. అలవాటు పడిన చెయ్యి నాది, దాన్ని నేను నమ్మలేకపోయినాను.

ఇటుక ముక్కలు, కొబ్బరిపీచు, ఇనుప చీపుర్లు తీసుకుని గచ్చు మీద మోకాళ్ల మీద కూర్చున్నాం, నేను, ఆ పిల్ల. పాచి అంత తొందరగా వదలదు. అబ్బా, నా మోకాళ్లు ఆ వారం పెట్టిన కేకలు నాకే తెలుసు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ "ఏమప్పా, డాక్టర్ ఆపరేషన్ చేస్తాండాడా?" అని నవ్విపోయేవాళ్లు. రెండోరోజుకు భాయి వచ్చి ఒక చీపురు అందుకున్నాడు. "నాకు ఆ పేడ మోసేది తప్పుతాదంటే ఈ గుట్టలన్నీ కూడా గీకుతా" అన్నాడు. ముగ్గురం గీకినాం. అంత గీకినా నల్ల మరకలు అక్కడక్కడా మిగిలిపోయినాయి.

పూజ ఎప్పటిలాగే చేసినాను. దీపం, పూలు, నిమ్మకాయలు, కొబ్బరికాయ, అన్నీ. దేవునికి నా మీద కోపమేమీ లేదు. ఆయన ఎప్పుడూ బ్లీచింగ్ అడగలేదు. ఓనరు వచ్చినాడు, హారతి తీసుకున్నాడు, మరకల మీద కాలు పెట్టి నడిచిపోయినాడు, ఒక్క మాటా అనలేదు. చూసినాడో లేదో కూడా తెలియదు. పదకొండేళ్లు ఎవరి కోసం తెల్లగా పెట్టినానో అని నాకే నవ్వొచ్చింది.

పాడ్యమి నాడు ట్యాంకు ఒక మూల తెల్ల నురుగ కనపడింది. చెయ్యంత జాగాలో, అంతే. కానీ ప్రతినెలా అట్లే మొదలయ్యేది. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నురుగలో చేయి పెట్టి వాసన చూసుకుంది. సాయంత్రం బస్సు ఎక్కేటప్పుడు, "సార్, ఒకవేళ చస్తే..." అని ఆగిపోయింది.

"చస్తే నేనే కాలేజీకి వచ్చి మీ సారు కాళ్లు పట్టుకుంటా. నువ్వు పో" అన్నాను. ఇంటికి పోయి ముద్ద నోట పెట్టలేకపోయినాను. ఆ ఒక్క మూల నురుగే కండ్ల ముందర.

విదియ పొద్దున నేను పోయేసరికి ఆ పిల్ల అప్పటికే ట్యాంకు మీద నిలబడి ఉంది. మొదటి బస్సుకు వచ్చేసిందట. నన్ను చూసి పక్కకు జరిగింది, నన్నే చూడమన్నట్టు. వంగి చూసినాను. నురుగ లేదు. రాగిసంగటి రంగు, నిండుగా. మట్టి వాసన. గాజు జాడీలో ట్యాంకు నీళ్లు పట్టి అరగంట కదలకుండా పెట్టినాం. బురదంతా కిందికి దిగి, పైన నీళ్లు తేటగా నిలిచినాయి. విదియ నాడు అంత తేట నీళ్లు నేను ఆ ట్యాంకులో ఎప్పుడూ చూడలేదు. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి, దాచుకోలేదు. ఆ పిల్ల ఎగిరి గంతేసి నా చేయి పట్టుకుని ఊపేసింది.

అంతలో భాయి మోపెడ్ చప్పుడు. అలవాటు కొద్దీ డ్రమ్ముడు పేడతో వచ్చేసినాడు. మేమిద్దరం నవ్వుతా ఉంటే కాసేపు బిత్తరపోయి చూసి, సంగతి తెలిసినాక డ్రమ్ము కింద దించి దాని మీదే కూర్చున్నాడు. "అయితే ఇంక నువ్వు డాక్టర్ కాదప్పా. కాంపౌండర్‌వి" అన్నాడు. ఆ పేరే నిలిచింది. రిటైరయ్యే దాకా నేను కాంపౌండర్‌నే. పేడ మామిడి చెట్లకు వేసినాం. మధ్యాహ్నానికి నీళ్లు కూడా వదిలినాం.

ఆ వారమే నేను ఆమెతో పాటు కర్నూలు కాలేజీకి పోయినాను. ప్రొఫెసరు రిపోర్టంతా తిరగేసి, ఫోటోలు, లెక్కలు చూసి, ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టినాడు. ఆ పిల్ల ఊపిరి వదలడం నాకు వినపడింది. తర్వాత ఆయన ఒక కాగితం నా వైపు జరిపినాడు. కంపెనీలో పని చూపించినవాళ్లు విద్యార్థి గురించి నాలుగు మాటలు రాసి సంతకం పెట్టాలట. మామూలుగా అయితే కష్టపడింది, క్రమశిక్షణ ఉంది అని ఏవో రాస్తారు. నేను చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, తెలుగులోనే రాసినాను. 'పదకొండేళ్లు ఈ ట్యాంకులోని క్రిములను ప్రతినెలా చంపినవాణ్ని నేను. ఎందుకు చస్తున్నాయో కనిపెట్టింది ఈ అమ్మాయి. నా పరువు కోసం ఒకసారి దాచింది, అది ఆమె చేసిన ఒకే ఒక తప్పు. ఆ తప్పు చేయించింది కూడా నేనే.'

ప్రొఫెసరు చదివి తలెత్తినాడు. "ఇది యూనివర్సిటీ ఫైల్లో ఉండిపోతుందండీ. వేరే కాగితం ఇస్తాను, మామూలుగా రాయండి."

"ఉండనీ సార్" అన్నాను.

ఆ పిల్ల నా భుజం మీదుగా చదివింది. "వద్దు సార్" అనింది.

నేను కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి ఆఖరు దాకా చదివి సంతకం పెట్టినాను. నా సర్వీసులో రోజుకు పది కాగితాల మీద సంతకాలు పెట్టినాను. చదివి పెట్టింది అదొక్కటే.